బాపు దుబాయ్ పోయిన రాత్రి: నాలుగేండ్లప్పటిది నలభై ఒకటిల కూడ ఉంటదా?

విభాగం: ఇల్లు, పిల్లలు, మనసు

#1 తునికాకు (జగిత్యాల, ఇప్పుడు హైదరాబాద్)
జనవరి 18, రాత్రి 11:42

అందరికి నమస్తే. ఏండ్ల సంది ఇక్కడ చదువుడే తప్ప రాసుడు లేదు. ఇయ్యాల రాయక తప్పుతలేదు.

ఫిబ్రవరి 2న నేను జర్మనీకి పోవాలె. కంపెనీ పని, మూడు నెలలు. రాత్రి మూడింటికే ఇంట్లకెళ్లి బయలెల్లాలె. మా బిడ్డకు ఐదున్నరేండ్లు, నన్ను ఇడిసి ఉండదు. మా అత్త ఏమంటదంటే, "పిల్ల పండుకున్నంక సప్పుడు లేకుంట పో. లేస్తే ఏడ్సి ఆగం చేస్తది. రెండు రోజులైతే అదే మర్సిపోతది." నా భార్యకు కూడ అదే మంచిగ అనిపిస్తున్నది. కని ఆ మాట ఇన్న కాడికెళ్లి నాకు నిద్ర లేదు. ఛాతిల ఎవలో గడియ పెట్టినట్టున్నది.

1988ల మా బాపు గట్లనే పోయిండు. నాకు నాలుగేండ్లు. ఆ రోజు పొద్దూకే దాక నన్ను మెడ మీద ఎక్కించుకొని తిప్పిండు, దుకాణంల బిస్కిట్ పొట్లం కొనిచ్చిండు. తెల్లారి లేచి చూస్తే లేడు. రాత్రే బొంబాయి బస్సెక్కిండట. చిలుక్కొయ్యకు ఆయన లుంగీ ఒక్కటే ఏలాడుతున్నది. ఎవల నడిగినా "అంగడికి పోయిండు, అస్తడు" అన్నరు. ఆ అంగడి మూడేండ్లకు ఒడిసింది. అచ్చిన నాడు నేను బాపమ్మ కొంగెనుక దాక్కొని "ఎవలో కొత్త మామ అచ్చిండు" అన్ననట. అందరు నవ్విన్రట, ఆయన తప్ప.

ఇప్పుడు నాకు నలభై ఒకటి. రాత్రి తలుపు గడియ మూడు సార్లు చూస్త. భార్య పది నిమిషాలు ఫోన్ ఎత్తకపోతే, ఆ పది నిమిషాలల్ల ఆమె లేని బతుకు మొత్తం బతికి అస్త. రెండు సార్లు ఈసీజీ తీయించిన, గుండె మంచిగనే ఉన్నదన్నరు.

రెండు సంగతులు అడుగుత. నాలుగేండ్లప్పటిది ఇంకా ఉంటదా, లేకపోతే నేను సాకు ఎతుక్కుంటున్ననా? బిడ్డకు చెప్పి పోవాల్నా, చెప్పకుంట పోవాల్నా?

#2 సోదొద్దు (విజయవాడ)
జనవరి 18, రాత్రి 11:58

అన్నా, ఏమీ అనుకోవద్దు. ఈమధ్య రీల్స్ చూసి జలుబు చేసినా చిన్ననాటి గాయమే అంటున్నారు జనం. మా నాన్న లారీ డ్రైవరు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నేను బానే ఉన్నా. నీకు పని ఒత్తిడి ఎక్కువై ఉంటుంది. హాయిగా వెళ్లిరా, వచ్చేటప్పుడు పాపకి చాక్లెట్లు పట్టుకురా.

#3 పంతులుగారు (నరసరావుపేట)
జనవరి 19, ఉదయం 5:20

నాయనా, నేను రిటైరైన హెడ్మాస్టర్ని, వయసు 71. మా అమ్మకి తొమ్మిదిమందిమి, నేను ఏడోవాణ్ణి. ఎవడు తిన్నాడో ఎవడు పడుకున్నాడో ఆవిడకే లెక్క తెలిసేది కాదు. ఊరు పెంచింది మమ్మల్ని. ఆకలైన చోట తిన్నాం, తప్పు చేస్తే దొరికినవాడల్లా నాలుగు తగిలించాడు. మనసుకు జబ్బు అన్న మాటే వినలేదు. ఇప్పుడు పిల్లాడికో గది, పిల్లాడికో ఫోను, పిల్లాడికో డాక్టరు. మీ అత్తగారు పెద్దావిడ, ఆవిడ చెప్పినట్టు చేయండి. పిల్లల మనసు పచ్చిమట్టి, ఇట్టే సర్దుకుంటుంది.

#4 చేదతాడు (ఒంగోలు దగ్గర పల్లె, ఇప్పుడు లెస్టర్)
జనవరి 19, ఉదయం 9:05

మాస్టారూ, పచ్చిమట్టిలో దిగిన బర్రె అడుగు ఎండాక ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు.

ఊరు పెంచింది అన్నారు. ఏ ఊరండీ? మా అమ్మ మంచినీళ్ల బావి దగ్గర బిందె కింద పెట్టుకుని నిలబడేది. ఎవరికైనా దయ కలిగి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. నాకు ఆరేళ్లప్పుడు ఎండకి నాలుక పిడచకట్టుకుపోయి, ఎవరూ లేరు కదా అని చేద పట్టుకున్నా. నన్నెవరూ కొట్టలేదు. మా అమ్మని పిలిపించి, నా ముందు నిలబెట్టి తిట్టారు. అమ్మ తల వంచుకుని, తన తప్పు కానిదానికి "తప్పయింది" అంది.

నాకిప్పుడు 46. నర్సుని. ఇప్పటికీ వార్డులో నీళ్ల మిషను దగ్గర నా వెనక ఎవరైనా వచ్చి నిలబడితే, నా గ్లాసు సగం నిండినా పక్కకి తప్పుకుంటా. వాళ్లు "పర్లేదు, పట్టుకో" అంటారు. వాళ్లకేం తెలుసు.

నన్ను పెంచింది వాడ. ఆ తర్వాత ఎస్సీ హాస్టల్లో వంట చేసే ఆయమ్మ. నాకు గుండిగ అడుగున పట్టిన మాడు ఇష్టమని కనిపెట్టి, రోజూ ఒక పెళ్ల తీసి మూత కింద దాచేది. ఎక్కువ మాట్లాడేది కాదు. నేను అలిగి పడుకున్న రాత్రి కూడా ఆ మూత కింద మాడు ఉండేది. అందుకని నేను ఊరుని తిట్టను, కానీ అందరి ఊరూ ఒకటే అనుకోవద్దని మాత్రం చెప్తా.

#5 గవ్వలగట్టు (విశాఖపట్నం)
జనవరి 19, మధ్యాహ్నం 1:30

తునికాకు గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఇక్కడ రాసినదాన్ని బట్టి జబ్బు పేరు పెట్టను, అది తప్పు. మీరు అడిగిన మొదటి ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తాను.

మన పెద్దవాళ్లు "పిల్లాడు జడుసుకున్నాడు" అనేవారు. అది మంచి మాట. పిల్లాడికి తేదీ గుర్తుండదు, ఎవరేం అన్నారో గుర్తుండదు, కానీ ఒళ్లు జడుసుకున్నది జడుసుకున్నట్టే నేర్చుకుంటుంది. నిద్రపోతే మనిషి మాయమవుతాడని మీ ఒంటికి 1988లో ఒక పాఠం పడింది. అప్పటినుంచి అది మీకు కాపలా కాస్తోంది, మీరు వద్దన్నా. అది సాకు కాదు. అలాగని తలరాత కూడా కాదు.

దీని మీద ఎక్కువగా వినపడే పని అమెరికాది. 1980ల్లో శాన్‌డియేగోలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు ఊబకాయానికి వైద్యం చేసేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తున్నారు. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. కూర్చోబెట్టి అడిగితే చిన్నప్పటి లైంగిక వేధింపుల కథలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కొందరికి ఆ లావు రోగం కాదు, కవచం. తర్వాత ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ నుంచి రాబర్ట్ ఆండా వచ్చి కలిశారు. ఇద్దరూ కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్లని చిన్నతనం గురించి అడిగారు. మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. కొట్టడం, తిట్టడం, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం, ఇలాంటి కష్టాల గురించి అడిగారు. వాటిలో నాలుగో అంతకన్నా ఎక్కువో ఎదుర్కొన్నవాళ్లకి కుంగుబాటు, తాగుడు, ఆత్మహత్యాయత్నం ముప్పు ఏమీ ఎదుర్కోనివాళ్లకన్నా నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఉంది.

ఈ కష్టాల మీద పది ప్రశ్నల చీటీ ఒకటి ఇంటర్నెట్లో దొరుకుతుంది. దయచేసి దాంతో మీకు మీరు మార్కులు వేసుకోకండి. జనం మొత్తాన్ని చూడటానికి చేసిన కొలత అది, ఒక మనిషి జాతకం చెప్పదని 2020లో ఆండానే రాశారు. పైగా ఆ పదిలో బొంబాయి బస్సు లేదు. చేదతాడు గారి బావి కూడా లేదు.

మాస్టారూ, మీ నాలుగు దెబ్బల గురించి ఒక్క ముక్క. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. ఆ 13లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. ఎవరూ మాట వినలేదంటే లేదని కాదు కదా.

తునికాకు గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ నాన్నగారు లేని ఆ మూడేళ్లు పొద్దస్తమానం మీ చుట్టూ ఎవరుండేవారు?

#6 సోదొద్దు
జనవరి 19, మధ్యాహ్నం 2:10

మేడం, ఒక డౌటు, ఇది వెటకారం కాదు. యాభై ఏళ్లవాణ్ణి పట్టుకుని నీ చిన్నప్పుడేం జరిగిందని అడిగితే, ఇప్పుడు దిగులుగా ఉన్నవాడికి పాత దిగుళ్లే గుర్తొస్తాయి. మందు కొట్టినప్పుడు మా ఫ్రెండ్‌కి వాళ్ల నాన్న రాక్షసుడు, తెల్లారితే దేవుడు. దాన్ని రుజువు అంటారా?

#7 గవ్వలగట్టు
జనవరి 19, సాయంత్రం 6:45

మంచి ప్రశ్న. ఆ అధ్యయనానికి ఉన్న అసలు లోటే అది. అందుకే గుర్తుచేసుకోమని అడగకుండా, పుట్టినప్పటినుంచి వెంట నడిచినవాళ్లని చూడాలి.

హవాయి దీవుల్లో కవాయి అని ఒకటుంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు దశాబ్దాల పాటు గమనించారు. చెరకు తోటల్లో కూలి చేసుకునే కుటుంబాలు చాలా. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు, తల్లికో తండ్రికో మనసు బాగోకపోవడం, ఇలాంటివి నాలుగైదు కలిసి మీదపడిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది చదువులోనో ప్రవర్తనలోనో దెబ్బతిన్నారు. మూడో వంతు మాత్రం చక్కగా నిలబడ్డారు. వాళ్లకి ఏముంది అని చూస్తే, తమని గట్టిగా పట్టుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు. అమ్మే కానక్కర్లేదు. అమ్మమ్మ, అక్క, టీచరు, పక్కింటావిడ. ఇంకో సంగతి, టీనేజీలో దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్పైల్లో, నలభైల్లో గాడిన పడ్డారు.

ఇక రుజువంటే, రొమేనియాలో 1989లో నియంత చౌషెస్కూ పడిపోయాక అనాథాశ్రమాల తలుపులు తెరిస్తే తొట్టెల్లో వేలమంది పిల్లలు. తిండి ఉంది, ఎత్తుకునేవాళ్లు లేరు. 2000లో బుఖారెస్ట్‌లో 136 మంది పసివాళ్లని తీసుకుని, చీటీ వేసి, సగంమందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. చీటీ కాబట్టి "వీడు ముందే హుషారు" అనే సందేహం ఉండదు. కుటుంబంలో పడ్డవాళ్లు కోలుకున్నారు, అందులోనూ రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు.

మీ నాన్నగారు నెలకి నాలుగు రోజులే ఉండేవారన్నారు. మీకు చెప్పి వెళ్లేవారా?

#8 సోదొద్దు
జనవరి 19, సాయంత్రం 7:02

చెప్పేవాడు. రూటు మ్యాపు గీసి చూపించేవాడు. ఇవాళ నాగ్‌పూర్, ఎల్లుండి ఇండోర్ అని. మా అమ్మ రోజూ ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించేది.

సరే, అర్థమైంది.

#9 ఉప్పెన77 (అవనిగడ్డ)
జనవరి 19, రాత్రి 9:30

నేను ఎప్పుడూ రాయని సంగతి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

1977 నవంబర్ 19. నాకు పదేళ్లు. దివిసీమ ఉప్పెన గురించి అందరికీ తెలుసు కాబట్టి ఆ రాత్రి వర్ణించను. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాను, ముళ్ల మచ్చలు చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ, చెల్లి పోయారు. నాన్న, అన్న, నేను మిగిలాం.

మా వీధిలో ఒకావిడకి ముగ్గురు పిల్లలూ పోయారు. పిన్ని అనేవాణ్ణి, చుట్టరికమేం లేదు. పునరావాసం గుడిసెల్లో ఆవిడ వండిన మొదటి రోజు అలవాటుకొద్దీ ముగ్గురికి సరిపడా వండింది. వండి కూర్చుని ఏడ్చింది. తర్వాత నన్ను, ఇంకో ఇద్దరు తల్లిలేని పిల్లల్ని పిలిచి పెట్టింది. ఆ రోజునుంచి మా తిండి అక్కడే. అన్నం కలుపుతూ వాళ్ల పిల్లల కబుర్లు చెప్పేది, మా అమ్మ కబుర్లు అడిగేది. అమ్మ పులుసులో ఏమేసేది, ఏ పాట పాడేది, అన్నీ. ఏటా నవంబర్‌లో ఆ తేదీన మా వీధివాళ్లం ఇప్పటికీ కూర్చుని పోయినవాళ్ల పేర్లు పైకి చెప్పుకుంటాం.

మా అన్నని అప్పుడే బంధువులు పట్నం తీసుకెళ్లారు. మంచి బడి, మంచి బట్టలు, ఫ్యాను కింద పడక. వాళ్లు చాలా మంచివాళ్లు. పాపం వాడు బాధపడతాడని ఆ ఇంట్లో ఉప్పెన మాటే ఎత్తేవాళ్లు కారు. పేపర్లో తుపాను వార్త వస్తే పేపరు దాచేవారు. అన్న నలభై నాలుగేళ్లకి తాగి తాగి పోయాడు. దానికి ఇదొక్కటే కారణమని అనను, నేను డాక్టర్ని కాదు. ఒకే రాత్రి, ఒకే తల్లి. ఆలోచిస్తూ ఉంటాను.

నేనేమీ బాగుపడిపోలేదు. తూర్పు గాలి ఈల వేస్తే ఇప్పటికీ లేచి కూర్చుంటాను. నా భార్య దీపం వేసి పక్కన కూర్చుంటుంది, పడుకోమని అనదు.

#10 సెంటర్ టీచరమ్మ (నారాయణపేట)
జనవరి 20, మధ్యాహ్నం 3:15

నేను అంగన్‌వాడీ టీచర్‌ని, పద్దెనిమిదేండ్ల సర్వీసు. మా దిక్కు దసరా, దీపావళి దాటంగనే ఊర్లు ఖాళీ అయితయి. బొంబాయికి, పూనాకు పనికి పోతరు, మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తీసుకపోతడు. పసిపిల్లలుంటే ఎంట తీసుకపోతరు, నడిచేటోళ్లను ముసలోళ్ల కాడ ఇడిసిపోతరు.

ఈ యేడు మా సెంటర్ల ఒక పిలగాడున్నడు, నాలుగేండ్లు. మధ్యాహ్నం అన్నం తిన్నంక అందర్ని పండుకోబెడుతం. వాడు చెప్పులు ఇప్పడు. పండుకుంటడు గని చెప్పులతోనే. ఆయా తిట్టింది, చాప ఖరాబైతదని. నేను ముసలామెను అడిగితే చెప్పింది, వాళ్లమ్మా నాయిన పోయింది మధ్యాహ్నం వీడు పండుకున్నప్పుడేనట. లేచి రోడ్డు దాక ఉరికిండట, చెప్పుల్లేకుంట. ఎండకు కాళ్లు కాలినయట.

నేను ఆయాకు చెప్పిన, ఉండనియ్యి, చెప్పులతోనే పండుకోనియ్యి, చాప పోతే నేను కొంటనని. వాడు నిద్రపోయి లేచేసరికి రోజూ నేనో ఆయానో వాడు పండుకున్న కాన్నే కూసుంటున్నం. లేచినప్పుడు అదే మొకం కనపడాలని, అంతే. రికార్డు రాసే పని అక్కడే చేసుకుంట. రెండు నెలలైంది. సంక్రాంతికి ముందు ఒక చెప్పు ఇప్పిండు. కుడిది. ఇంకోటి ఇప్పలే.

తునికాకు అన్నా, మీ పోస్టు చదివినంక నాకు వాడే కనపడ్డడు. చెప్పి పో.

#11 తునికాకు
జనవరి 20, రాత్రి 10:50

రెండు రోజులు ఏం రాయబుద్ధి కాలే. చెప్పుల సంగతి నా భార్యకు సదివి ఇనిపించిన. ఆమె ఏం అనలే. కొంచెం సేపైనంక లేచి బిడ్డ మీద దుప్పటి సరిచేసి అచ్చింది.

గవ్వలగట్టు మేడం, ఎవలుండేటోళ్లని అడిగిన్రు. మొదట ఎవలు లేరని రాద్దామనుకున్న. అవ్వ ఉన్నది కని లేనట్టే ఉండె. ఏజెంటుకు కట్టిన పైసలు మిత్తికి తెచ్చినయి, ఆ రందిల ఆమె మాట్లాడుడే బంద్ చేసింది. నాకు గిదే గుర్తు.

రాత్రి పండుకున్నంక ఇంకోటి యాదికచ్చింది. మా అరుగు మీద పొద్దుగాల తొమ్మిదింటికెళ్లి ఐదుగురు ఆడోళ్లు బీడీలు చేసేటోళ్లు. బాపమ్మ, ఇంకా నలుగురు. ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు. కత్తెరతోని ఆకు కోస్తె కస్సుకస్సుమని ఒక సప్పుడు. నేను వాళ్ల నడుమ. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, లెక్కవెట్టుడు నా పని. తప్పు లెక్కవెడితే మళ్ల లెక్కవెట్టిపిచ్చేటోళ్లు, కొట్టకుంట. నన్ను బడిల ఏసే నాటికే నూరు దాక అచ్చు. బాపు క్యాసెట్ పంపిన రోజు (అప్పట్ల టేప్ రికార్డర్ల మాట్లాడి ఊరికి పోయేటోళ్ల చేత పంపేది) ఐదుగురు చాటలు పక్కన పెట్టి నన్ను నడుమ కూసోబెట్టుకొని ఇనేటోళ్లు. బాపు గొంతు ఎనుక ఏసీ సప్పుడు అచ్చేది. ఒకామె అనేది, "ఇగో మీ బాపు గాలి పంపిండురా."

నా పేరు తునికాకు అని పెట్టుకున్న గని ఎందుకు పెట్టుకున్ననో నాకే తెల్వది. ఇప్పుడు తెలిసింది.

#12 గవ్వలగట్టు
జనవరి 20, రాత్రి 11:20

2015లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆరువేల పైచిలుకు పెద్దవాళ్లని ఈసారి గాయాల గురించే కాకుండా చిన్నప్పటి మంచి గురించి కూడా అడిగారు, ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడు ప్రశ్నలు. మనసులో మాట ఇంట్లో చెప్పుకోగలిగేవారా, ఊరి పండగల్లో సంతోషంగా కలిసేవారా, ఇలా. వాటిలో ఒకటి: అమ్మానాన్న కాకుండా నిన్ను మనసుపెట్టి పట్టించుకున్న పెద్దవాళ్లు కనీసం ఇద్దరున్నారా? ఏడింటిలో ఆరైనా ఉన్నవాళ్లకి కుంగుబాటో మనసు బాగోకపోవడమో ఉండే అవకాశం, రెండు కూడా దాటనివాళ్లకన్నా 72 శాతం తక్కువగా కనిపించింది. చిన్నప్పుడు కష్టాలు బాగా పడ్డవాళ్లలోనూ మంచి ఎక్కువ ఉన్నకొద్దీ అది తగ్గింది.

ఇద్దరున్నారా అని వాళ్లడిగారు. మీకు అరుగు నిండా ఉన్నారు.

#13 చేదతాడు
జనవరి 21, సాయంత్రం 4:40

అత్తగారి మాట మీద నేనొకటి చెప్పాలి, పిల్లల వార్డులో పనిచేశాను కాబట్టి.

ఇక్కడ ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లల్ని ఆసుపత్రిలో చేరిస్తే తల్లిదండ్రుల్ని వారానికి ఒకట్రెండు సార్లు మించి రానిచ్చేవారు కాదట. తల్లి వచ్చి వెళ్తే బిడ్డ గోల, రాకపోతే వార్డంతా ప్రశాంతం, కాబట్టి రాకపోవడమే బిడ్డకి మేలని పెద్ద డాక్టర్ల నమ్మకం. అచ్చం మీ అత్తగారి లెక్క. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన రెండున్నరేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులూ కెమెరాతో తీసి 1952లో డాక్టర్లకి చూపించాడు. పాప పెద్దగా ఏడవదు. ఊరికే మొహం బిగబట్టుకుంటుంది. ఏడుపు ఆగిపోవడమంటే సర్దుకోవడం కాదు, ఆశ వదిలేసుకోవడం అన్నాడాయన. మొదట ఆయన మీద విరుచుకుపడ్డారు. 1959లో ప్రభుత్వ కమిటీయే తల్లిదండ్రుల్ని రానివ్వాలని చెప్పింది. ఇప్పుడు మా పిల్లల వార్డులో మంచం పక్కనే అమ్మకి మడత మంచం ఉంటుంది.

ఇంకోటి. మాతో పనిచేసే జింబాబ్వే సిస్టర్ ఒకావిడ వాళ్ల దేశంలో బల్ల కథ చెప్పింది. హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు, ఊళ్లో ఉండే తన పేషెంటు బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేక ప్రాణం తీసుకుందని తెలిసి కుమిలిపోయాడట. 2006లో పద్నాలుగు మంది అమ్మమ్మలకి, మనసు బాగోనివాళ్లతో మాట్లాడటంలో శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట చెట్టు కింద బల్ల వేసి కూర్చోబెట్టాడు. కుంగుబాటు అన్న మాట వాళ్లు వాడరు, "కుఫుంగిసిసా" అంటారు, అతిగా ఆలోచించడం అని. మా నాయనమ్మ కూడా అంతే, "ఊరికే తలపోస్తంది పిల్ల" అనేది. 2016లో పరీక్షగా చూస్తే ఆరు నెలలకి బల్ల దగ్గరికి వెళ్లినవాళ్లు మామూలు వైద్యం అందుకున్నవాళ్లకన్నా బాగా తేరుకున్నారు.

మనకీ రచ్చబండ ఉంది కదా అని ఎవరో అంటారు. దాని మీద ఆడవాళ్లు ఎప్పుడు కూర్చున్నారో, మా వాడవాళ్లు ఎప్పుడు కూర్చున్నారో కూడా చెప్పండి. మన బల్ల అంటే ఆ బీడీల అరుగే.

#14 మోడరేటర్
జనవరి 21, సాయంత్రం 5:30

#4 మీద వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఎందుకో రాసినవాళ్లకి తెలుసు.

ఎవరికైనా మాట్లాడే మనిషి కావాలంటే టెలీమానస్, 14416. ప్రభుత్వానిదే, ఖర్చు లేదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. పిల్లలకి ఆపద అయితే 1098.

#15 పంతులుగారు
జనవరి 22, ఉదయం 4:50

మూడు రోజులుగా చదువుతున్నాను. అమ్మా చేదతాడూ, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా ఊరి బావికీ ఒక పక్క అలాంటి మనుషులు నిలబడేవారు. నేను అటు చూడలేదు. ఊరు పెంచింది అని రాసినప్పుడు కూడా చూడలేదు.

ఒకటి చెప్పి ఊరుకుంటాను. పత్తి దెబ్బతిన్న ఏడాది నా క్లాసులో ఒక పిల్లాడి తండ్రి పురుగుమందు తాగాడు. పదకొండోరోజు అయ్యాక వాడు బడికి వచ్చాడు. ఇంటిపని చేయలేదు. అందరూ నాకు సమానమే అన్న గర్వంతో వాడికీ రెండు వేశాను. ఆ సంవత్సరమే బడి మానేశాడు. సైకిల్ షాపాయన పనిలో పెట్టుకుని, తన దగ్గరే రాత్రిబడి చదివించి నిలబెట్టాడని తర్వాత విన్నాను. నాలుగేళ్ల కిందట ఒక పెళ్లిలో కనపడ్డాడు. మంచి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. "మాస్టారూ" అని కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆశీర్వదిద్దామని నేను చెయ్యెత్తాను. తల చటుక్కున పక్కకి తిప్పుకున్నాడు. అంత పెద్దవాడు. తర్వాత వాడే నవ్వేశాడు.

తునికాకూ, అత్తగారి మాట వినమన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

#16 చిన్నకోడలు (రాజమండ్రి)
జనవరి 22, ఉదయం 11:15

చెప్పి వెళ్లండి సరే, ఎలా చెప్పాలో ఎవరూ రాయలేదేంటి? మా ఆయన కూడా మస్కట్ వెళ్తున్నారు మార్చిలో. బాబుకి మూడేళ్లు.

#17 సెంటర్ టీచరమ్మ
జనవరి 22, మధ్యాహ్నం 3:40

చిన్న మాటలల్ల చెప్పాలె చెల్లే. ఎక్కడికి, ఎందుకు, ఎవలు నీకు అన్నం పెడుతరు, ఎవలు పక్కల పండుకుంటరు. "రేపస్త" అని అబద్ధం వద్దు. మూడు నెలలు వాళ్లకు తెల్వదు, ఉగాది తెలుస్తది, మామిడికాయ తెలుస్తది. మరీ ముందుగాల చెప్పొద్దు, మూడేండ్లోనికి రెండు మూడు రోజులు శాన. ఏడిస్తే ఏడ్వనీయి. ఏడుపు ఎత్తుకొనేటోళ్లుంటే ఏడుపుకు ఏం కాదు.

#18 గవ్వలగట్టు
జనవరి 22, రాత్రి 8:05

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. తునికాకు గారూ, పాప సంగతి పాపది, మీ గడియ సంగతి మీది. తిరిగొచ్చాక ఎవరినైనా కలవండి. పాపకి చెప్పి వెళ్లినంత మాత్రాన 1988 సర్దుకోదు.

#19 తునికాకు (ఇప్పుడు స్టుట్‌గార్ట్)
ఫిబ్రవరి 21, రాత్రి 9:10

ఆలస్యమైంది, మాఫ్ చేయున్రి.

జనవరి 30న చెప్పిన. సోదొద్దు తమ్ముని నాయిన లెక్క మ్యాపు గీసిన. హైదరాబాద్, దుబాయ్, స్టుట్‌గార్ట్. దుబాయ్ మీద పెన్ను ఆగింది, అది వేరే సంగతి. పిల్ల రెండు గంటలు ఏడ్సింది. సూట్‌కేసుల నా అంగీలు తీసి తన గౌన్లు పెట్టింది. మా అత్త "నేను చెప్పలే?" అన్నది. రాత్రి మూడింటికి బిడ్డ తనే లేస్తనన్నది, లేపినం. లిఫ్టు కాడ నా చెయ్యి ఇడ్వలే. వాచ్‌మన్ భార్య లేచచ్చి ఎత్తుకున్నది. ఆమెకెవలు చెప్పిన్రో నాకు తెల్వది. తర్వాత తెలిసింది, మా అత్తనే ముందటి రోజు పోయి చెప్పచ్చిందట.

విమానంల నేను ఏడ్సిన. పక్కాయన నీళ్ల సీసా ఇచ్చిండు.

ఇక్కడికచ్చినంక కూడ గడియ చూస్తున్న, మూడు సార్లే. తిరిగచ్చినంక మే నెలల హైదరాబాద్ల ఒకరి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్న.

బాపుకు ఫోన్ చేసిన. ఆయనకు 72. "ఆ రాత్రి నన్ను లేపకపోతివి ఎందుకు?" అని అడిగిన, తిట్టుడు కాదు, అడిగిన. చాన సేపు సప్పుడు చేయలే. "లేపితె పోకపోదునురా" అన్నడు.

నిన్న వీడియో కాల్ చేస్తే బిడ్డ, "నాన్నా తర్వాత చెయ్, ఆంటీ గోరింటాకు పెడుతుంది, చెయ్యి కదలొద్దంది" అని కట్ చేసింది.

#20 సోదొద్దు
ఫిబ్రవరి 21, రాత్రి 9:22

చాక్లెట్లు మర్చిపోకు.

#21 సెంటర్ టీచరమ్మ
ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 3:05

మా పిలగాని రెండో చెప్పు సంగతి ఎవలూ అడగలే. మొన్న ఇప్పిండు. ఇప్పి తల కింద పెట్టుకున్నడు.